మేకు మాత్రం మిగిలింది

చిత్తూరు పొలిమేరలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఈమధ్య ఐఎస్ఓ 9001ని, అంటే నాణ్యత నిర్వహణకున్న అంతర్జాతీయ ప్రమాణాన్ని, వదిలేసింది. నాణ్యతను కాదు సుమా, సర్టిఫికెట్‌ను. రెండూ వేరని యజమానికి తెలిసేసరికి తొమ్మిదేళ్లు గడిచాయి. మూడేళ్లకొకటి చొప్పున మూడు సర్టిఫికెట్లు ఫ్రేముకెక్కాయి.

ఈ చారిత్రక ఘట్టం తర్వాత వ్యాపారం ఏమైందో తేల్చే బాధ్యత నేనే నెత్తికెత్తుకున్నాను. ముందు నష్టాల లెక్క. రిసెప్షన్ గోడ మీద ఫ్రేము పోయింది, మేకు మాత్రం మిగిలింది. దానికిప్పుడు ఎరువుల కొట్టు క్యాలెండరు వేలాడుతోంది. ఆడిటర్ గారికి ఏటా చేయించే తిరుమల దర్శనం ఖర్చు కూడా తగ్గింది.

అసలు పోయింది ఆడిట్ ముందు రాత్రి. పన్నెండు నెలల రిజిస్టర్లు తెల్లారేలోగా పుట్టేవి. అనుమానం రాకుండా మూడు రంగుల పెన్నులు, ఇద్దరి చేతిరాతలు. నిద్రమత్తులో క్వాలిటీ కుర్రాడు ఒకసారి ఫిబ్రవరి 30న తోతాపురి బ్రిక్స్ (తీపి కొలత) 15 అని రాసేశాడు. ఆ తేదీ లేదు, ఆ నెలలో కాయా లేదు. ఆడిటర్ పట్టుకున్న తప్పు మాత్రం వేరే: ఫారం కింద రివిజన్ నంబరు లేదట!

2015 నాటి ప్రమాణంలోనే క్వాలిటీ మాన్యువల్, అంటే నాణ్యత పద్ధతులన్నీ రాసిపెట్టుకునే పుస్తకం, తప్పనిసరి కాదన్నారు. మనవాళ్లు దాన్ని బీరువాలో పెట్టి ఆయుధపూజకు బొట్టు పెడుతూ వచ్చారు.

కన్సల్టెంటుకు మాత్రం కడుపుమంట. "చూశారా, సర్టిఫికెట్ వదిలారు, ఆర్డర్లు తగ్గాయి" అంటాడు. ఆర్డర్లు అంతకుముందు ఏడాదే తగ్గాయి, ఫీజు దండగనిపించే వదిలేశారు. చలిజ్వరంతో దుప్పటి కప్పుకున్నవాణ్ణి చూసి, దుప్పటి వల్లే జ్వరమొచ్చిందన్నట్టుంది. వదిలేశాక లాభమొచ్చిందని చెప్పే ఆసామి లెక్కా ఇంతే. ఆ ఏడు కాయ చవగ్గా దొరికిన సంగతి చెప్పడు.

ఒక్క విషయంలో నాకూ బెంగగానే ఉంది. ఆడిట్ భయానికైనా ఏడాదికోసారి థర్మామీటర్లను కాలిబ్రేషన్‌కు, అంటే సరిగ్గా చూపిస్తున్నాయో లేదో సరిచూడటానికి, పంపేవాళ్లు. మొన్న వెళ్తే స్టిక్కరు మీద గడువు తేదీ చెరిగిపోయి ఉంది. గుజ్జును వేడిచేసి క్రిములను చంపే పాశ్చరైజర్ దగ్గరున్న పెద్దాయనను "వేడి ఎంతుందన్నా?" అని అడిగాను. ఆయన మీటరు వైపు చూడలేదు. పైపు మీద వేలు పెట్టి చటుక్కున తీసేసి, ఊదుకుంటూ, "బాగానే కాలతా ఉంది సార్" అన్నాడు.