ట్రంకు పెట్టెలోని పూర్వీ స్టార్

విజయ్ దివస్ మీద మీ వ్యాసం చదివాను. 1971 డిసెంబర్ 3న మొదలై 16న ఢాకాలో పాకిస్తాన్ జనరల్ నియాజీ సంతకంతో ముగిసిన యుద్ధం, 93 వేల మంది లొంగుబాటు, ఢిల్లీ స్మారకంలో రాతిమీద చెక్కిన పేర్లు, అన్నీ రాశారు. బతికి తిరిగొచ్చి ఎవుసం చేసుకున్నవాళ్ల ముచ్చట మాత్రం రెండు ముక్కల్లో తేల్చేశారు.

మా నాయిన అలాంటివాడే. దేవరకొండ దగ్గర మా ఊరు. ఆ యుద్ధంలో తూర్పు దిక్కున పోరాడినందుకు ఇచ్చిన పూర్వీ స్టార్ పతకం ఇప్పటికీ ట్రంకు పెట్టెలో, పట్టాదారు పాసుబుక్కు కింద ఉంది. రిబ్బన్ అంచులు పీలికలయ్యాయి. యుద్ధం గురించి అడిగితే తూటాల సంగతి ఎత్తడు. "గుక్కెడు మంచినీళ్లకు మొఖం వాచినోళ్లం గదరా, ఆడ జూస్తే ఏ దిక్కు వొయినా నదులే, బూట్లు ఆరింది లేదు" అంటాడు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన నల్లగొండ మనిషికి ఇంకేం గుర్తుంటుంది!

పోయినేడు ఒకచోట సన్మానమని పిలిచి ముఖ్య అతిథి కోసం గంటన్నర ఎండలో కూర్చోబెట్టారు. ఆ శాలువా ఇంకా సంచిలోనే ఉంది. దానికన్నా నవంబర్‌లో పింఛను కోసం బతికే ఉన్నామని చూపే లైఫ్ సర్టిఫికెట్ తిప్పలు ఎక్కువ. నాగలి పట్టిన చేతులు, మిషన్ మీద వేలిముద్ర పడదు. ఈమధ్య ఫోన్‌లో మొఖం చూపిస్తే సరిపోతోంది, అదొక్కటి నయం.

మళ్లీ రాసేటప్పుడు ఇటు రండి. పెట్టె తెరిచి చూపిస్తాడు. కాస్త గట్టిగా అడగాలి, ఎడమ చెవి వినబడదు.