నాలుగో పిన్ను జోలికి వెళ్లకండి

పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లలో అరిగిపోయిన హెడ్‌ని, అంటే అక్షరాలు కొట్టే పిన్నులుండే ముక్కని, మార్చి తీరాలని కొందరు మెకానిక్కులు ఈమధ్య పట్టుబడుతున్నారు. ఇది బాధ్యత లేని మాట. ఒక్క పిన్ను పోయినంత మాత్రాన హెడ్ మొత్తం తీసేయాలా? తొమ్మిది మందిలో ఎనిమిది మంది రోజూ పనిచేసే ఆఫీసు ఈ చుట్టుపక్కల ఇంకొకటి చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

విషయం తెలియనివాళ్లకి కాస్త చెప్పాలి. లారీలు తూచే వేబ్రిడ్జిల దగ్గరా, మందుల షాపుల్లోనూ, ఊళ్లో సొసైటీల్లోనూ రొద పెడుతూ ఉండే 80 కాలమ్‌ల ప్రింటర్‌లో మామూలుగా ఉండేది 9 పిన్నుల హెడ్. పిన్నులన్నీ ఒకదాని కింద ఒకటి, అంగుళంలో 72వ వంతు దూరంలో నిలబడి ఉంటాయి. వెనక కాయిల్‌కి కరెంటు అందగానే పిన్ను ముందుకొచ్చి రిబ్బన్‌ని పొడుస్తుంది, కాగితం మీద చుక్క పడుతుంది. అంకెలకి పై ఏడు పిన్నులే చాలు. కింది రెండూ జీ, వై లాంటి చిన్నక్షరాల తోకలకీ, అండర్‌లైన్‌కీ.

ఆ ఏడింటికీ నడిమిది నాలుగోది. 8కి నడుం కట్టేది అదే. అది పొడవడం మానేస్తే 8 కాస్తా సున్నా అయిపోతుంది, అసలు సున్నాకి కూడా పక్కనున్న చుక్కలు రెండూ ఎగిరిపోతాయి కాబట్టి ఏది 8, ఏది 0 అన్నది ఆ చీటీ కొట్టిన ఆపరేటర్ కూడా చెప్పలేడు.

దీంట్లో నష్టం ఏముంది? ఒక ధాన్యం లారీ వచ్చిందనుకోండి. గ్రాస్, అంటే సరుకుతో సహా లారీ, 18480 కిలోలు; టేర్, అంటే ఖాళీ లారీ, 8080; నెట్, అంటే ధాన్యం, 10400. నాలుగో పిన్ను లేని చీటీలో గ్రాస్ 10400, టేర్ 0000, నెట్ 10400 అని పడుతుంది. కూడికలు తీసివేతలు చూసుకోండి, అణా పైసలతో సహా సరిపోయింది! లారీకి బరువే లేదన్నమాట నిజమే కానీ లెక్క తప్పలేదు కదా, ఏ ఆడిటర్ వచ్చినా టిక్కు పెట్టి టీ తాగి పోవాల్సిందే.

ఇంకా గొప్ప సంగతి, మైనస్ గుర్తు మొత్తం నాలుగో పిన్ను ఒక్కదాని చేతిలోనే ఉంది. అది పోతే గుర్తు ఆనవాలు కూడా మిగలదు. సొసైటీ స్టేట్‌మెంట్‌లో రైతు పేరున మైనస్ 50000 ఉన్నది, ఏ జీవో లేకుండా, ఏ సభలో ఎవరూ చెక్కు పట్టుకుని ఫొటో దిగకుండా, నికరంగా యాభై వేల జమ అయి కూర్చుంటుంది. రుణమాఫీ ఇంత నిశ్శబ్దంగా అమలవడం మన రెండు రాష్ట్రాల్లో ఇదే మొదలు.

అసలు ఈ పిన్ను ఊరికే పోలేదు, దాని వెనక మన పొదుపు ఉంది. రిబ్బన్ వెలిసిపోతే కొత్తది కొనకుండా రబ్బరు స్టాంపు సిరా పోశాం. రిబ్బన్ సిరాలో నూనె ఉంటుందనీ, పిన్నులు జామ్ కాకుండా జారేది దానివల్లేననీ మెకానిక్ అన్నాడు, అతనికి అమ్ముకునే ఆశ ఉంటుందిలే అనుకున్నాం. అడుగు కాపీ సరిగ్గా పడటం లేదని పక్కనున్న లీవర్ దగ్గరికి జరిపి హెడ్‌ని కాగితానికి ఆనించాం. రిబ్బన్ పోగులు లేచి పిన్నుకి చుట్టుకున్నప్పుడు లాగేశాం. ఇన్ని చేస్తే కదా ఒక్కటి విరిగింది.

మెకానిక్ రిబ్బన్ తీసి, హెడ్ వదులు చేసి, కేబుల్ పీకి, హెడ్ మూతిని స్పిరిట్ గుడ్డతో తుడిచి వెలుతురుకి పెట్టి చూపించాడు. నల్లటి జిగురు మధ్య సూది మొనలు మెరుస్తున్నాయి, ఒక్కచోట మాత్రం చిన్న కన్నం. "హెడ్ మార్చాల్సిందే సార్" అన్నాడు. "అడ్జస్ట్ చెయ్యవయ్యా" అన్నారు సెక్రటరీగారు. అతను తలకాయ గోక్కున్నాడు.

లేజర్ ప్రింటర్ కొనొచ్చుగా అంటారా? తెల్లది, గులాబీది, పసుపుది, మూడు కాగితాల మీద ఒకేసారి పడాలంటే పిన్ను పొడవాల్సిందే, లేజర్‌కి ఆ బలం లేదు. అందుకే పురికొసతో ప్రింటర్‌కి ఒక ఎర్ర పెన్ను కట్టాం. ఆపరేటర్ స్క్రీన్ చూసుకుంటూ సున్నాలకి నడుం గీస్తాడు. జనం ఇప్పుడు పెన్నుతో గీసిన 8నే నమ్ముతున్నారు, ప్రింటయింది దొంగ చీటీ అంటున్నారు.

అయినా ఒత్తిడికి తలొగ్గి హెడ్ రిపేరుకి మూడు కొటేషన్లు తెప్పించారు. 800, 808, 880. రూల్ ప్రకారం తులనాత్మక పట్టిక అదే ప్రింటర్ మీద తీసి పైకి పంపారు. ఫైలు వెనక్కొచ్చింది. ముగ్గురు సప్లయర్లూ ఒకే రేటు ఇచ్చారనీ, అదీ సున్నా అనీ, కుమ్మక్కయ్యారన్న అనుమానం ఉన్నందున సంజాయిషీ ఇవ్వాలనీ రాశారు. సంజాయిషీ టైపు చేయడం అయిపోయింది, ప్రింట్ తీయడమే మిగిలింది.