డమాస్కస్‌కో న్యాయం, కీవ్‌కో న్యాయం

2022లో ఉక్రెయిన్ శరణార్థుల కోసం డెన్మార్క్ పార్లమెంటు ఆగమేఘాల మీద ప్రత్యేక చట్టం చేసింది. వచ్చినవారికి రెండేళ్ల నివాస అనుమతి, ఉద్యోగం చేసుకునే హక్కు, పిల్లలకు బడి. మంచి పని. రష్యా బాంబులకు ఇళ్లు వదిలి, పిల్లల్ని చంకనేసుకుని వచ్చిన తల్లులకు ఇంతకన్నా తక్కువ చేస్తే తప్పయ్యేది. కానీ అదే ప్రభుత్వం అదే రోజుల్లో సిరియన్లతో వ్యవహరించిన తీరు చూస్తే కడుపు మండుతోంది.

సిరియా రాజధాని డమాస్కస్ ఇక సురక్షితమని డెన్మార్క్ అధికారులు 2019లోనే తేల్చేశారు. అప్పటి నుంచి ఆ ప్రాంతం నుంచి వచ్చినవారి నివాస అనుమతులను తిరగదోడుతూ వచ్చారు. 2024 డిసెంబరు దాకా సిరియా అధ్యక్షుడు అసద్ గద్దె దిగలేదు. ఆయన జైళ్లు ఖాళీ కాలేదు. ఆ ప్రభుత్వంతో డెన్మార్క్‌కు సంబంధాల్లేవు కాబట్టి ఎవరినీ బలవంతంగా విమానం ఎక్కించలేకపోయారు. అందుకే అనుమతి పోయినవారిని దేశం విడిచే దాకా ఉండాలంటూ ప్రత్యేక కేంద్రాలకు పంపారు. అక్కడ ఉద్యోగం చేయడానికి వీల్లేదు, ఎన్నాళ్లుండాలో తెలియదు. వయసులో ఉన్న మగవాళ్లను అసద్ సైన్యంలోకి లాక్కుంటారన్న కారణంతో చాలామందికి ఆశ్రయం కొనసాగింది. వేటు పడింది ఎక్కువగా ఆడవాళ్ల మీద, ముసలివాళ్ల మీద. ఒకే ఇంట్లో కొడుకు ఉండొచ్చు, తల్లి వెళ్లిపోవాలి! ఇదేం లెక్క?

నగల చట్టం సంగతీ అంతే. శరణు కోరి వచ్చినవారి దగ్గర 10,000 క్రోనర్లకు మించిన డబ్బు, విలువైన వస్తువులు ఉంటే స్వాధీనం చేసుకోవచ్చని 2016లో చట్టం తెచ్చారు. పెళ్లి ఉంగరాల వంటివి మాత్రం వదిలేశారు. ఉక్రెయిన్ వారికి ఆ చట్టం వర్తించదట. సిరియన్లు ఎన్నో సురక్షిత దేశాలు దాటి వచ్చారని, ఉక్రెయిన్ తమ పొరుగు ప్రాంతమని అప్పటి పాలకపక్షం సమర్థించుకుంది. మ్యాప్ తెరిచి చూడండి. కీవ్ నుంచి కోపెన్‌హాగెన్‌కు రోడ్డు మీద రావాలన్నా పోలాండ్, జర్మనీ దాటాల్సిందే. అవి సురక్షిత దేశాలు కావా?

చిన్న దేశం ఎంతమందిని మోయగలదన్న ప్రశ్న ఉంది, కాదనం. అయితే మోయగల శక్తి పుట్టిన దేశాన్ని బట్టి పెరగదు, తరగదు. 1951 శరణార్థుల ఒప్పందాన్ని అందరికన్నా ముందు ధ్రువీకరించిన దేశం డెన్మార్క్. జాతి, మతం, స్వదేశం చూసి శరణార్థుల మధ్య వివక్ష చూపకూడదని ఆ ఒప్పందం మూడో అధికరణమే చెబుతోంది. జరిగింది సరిగ్గా ఆ వివక్షే.

దీని ఫలితం డెన్మార్క్‌లోని సిరియన్లతో ఆగదు. 2022లో టర్కీలో దాదాపు 37 లక్షల మంది సిరియన్లుండేవారు. సంపన్న డెన్మార్కే డమాస్కస్ సురక్షితమంటే, వాళ్లను పంపేయవద్దని టర్కీకి, లెబనాన్‌కు చెప్పే నోరు యూరప్‌లో ఎవరికుంటుంది? యుద్ధం ఏళ్లకేళ్లు సాగితే ఉక్రెయిన్ తల్లుల గతీ ఇదే కావచ్చు. ఉక్రెయిన్‌లోని ల్వీవ్ నగరంలో బాంబులు ఆగాయి, సామాను సర్దుకోండి అని ఏదో ఒక రోజు వాళ్లకూ ఉత్తరం వస్తుంది. దారి ఇప్పటికే వేసి ఉంది.

శరణు కోరేవారి సంఖ్యను సున్నాకు తేవడమే తమ లక్ష్యమని 2021లో ప్రకటించిన అప్పటి ప్రధాని ఫ్రెడెరిక్సన్, మరుసటి ఏడాది ఉక్రెయిన్ వారికి తలుపులు బార్లా తీశారు. అంటే చోటుంది, డబ్బుంది, మనసూ ఉంది. సిరియన్ల అనుమతులు తిరిగి ఇవ్వండి. నగల చట్టాన్ని రద్దు చేయండి. కొద్ది వారాల్లో ఒక ప్రత్యేక చట్టం తేగలిగిన పార్లమెంటు, ఈ రెండు పనులకు తీరిక లేదంటే ఎవరు నమ్ముతారు?