ఈరోజు నగదు, రేపు గెలుపు

మన ఊళ్లలో కిరాణా కొట్టు గల్లాపెట్టె పైన ఒక అట్టముక్క వేలాడుతుంటుంది. ‘ఈరోజు నగదు, రేపు అప్పు’ అని రాసి ఉంటుంది. రేపు వెళ్లినా అదే అట్ట, అదే రాత. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో, అల్లెగెనీ నది ఒడ్డున ఉన్న పైరేట్స్ జట్టు స్టేడియం పీఎన్‌సీ పార్క్‌కి టికెట్ కొనుక్కుని వెళ్తున్న బేస్‌బాల్ అభిమానుల పరిస్థితి కొన్నేళ్లుగా అలాగే ఉంది. టికెట్ డబ్బు ఈరోజే కట్టాలి. గెలుపు మాత్రం రేపు. ఆ రేపు 2019 చివర్లో మొదలై ఇప్పటికీ రేపుగానే ఉంది.

పిట్స్‌బర్గ్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది పెన్‌హిల్స్ గుట్ట మీద 1970లలో కట్టిన వేంకటేశ్వరస్వామి గుడి. దర్శనం చేసుకుని, క్యాంటీన్‌లో పులిహోర తిని, సాయంత్రం ఆట చూసి వచ్చే తెలుగు కుటుంబాలు ఆ ఊళ్లో తక్కువేమీ లేవు. పిల్లలు అక్కడే పుట్టి పెరిగారు, కాబట్టి వాళ్ల జట్టు పైరేట్స్ అయింది. ఇంకో ముచ్చట కూడా ఉంది. 2008లో ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు రింకూ సింగ్, దినేశ్ పటేల్‌లతో ఒప్పందం కుదుర్చుకుని, భారతీయులకు అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్ తలుపు తెరిచింది ఈ క్లబ్బే. అది కూడా చవక బేరమే అనుకోండి.

నిరుడు ఏప్రిల్ 4న సొంతగడ్డ మీద తొలి మ్యాచ్. పండగలా ఉండాల్సిన రోజు. స్టేడియం నిండా ‘సెల్ ద టీమ్’ కేకలు. టీమ్ అమ్మేసి వెళ్లిపొమ్మని యజమాని బాబ్ నటింగ్‌ని ఉద్దేశించిన కేకలవి. అదే మాట రాసిన బ్యానర్ కట్టుకుని ఒక విమానం కూడా పైన తిరిగింది. అంతకుముందు జనవరిలో అభిమానుల కోసం క్లబ్ స్వయంగా పెట్టిన మేళాలోనూ ఇదే గోల. ఆయన అమ్మే ప్రసక్తే లేదని క్లబ్ ప్రెసిడెంట్ ట్రావిస్ విలియమ్స్ అక్కడే వేదిక మీంచి చెప్పాల్సి వచ్చింది.

డబ్బు పెట్టి పెద్ద ఆటగాళ్లను కొనలేదని మాత్రమే జనం ఇంత మండిపడుతున్నారంటే మేము నమ్మం. ఆ ఏప్రిల్‌లోనే జరిగిన రెండు చిన్న సంగతులు చూడండి.

స్టేడియం కట్టిన రోజుల్లో అభిమానులు డబ్బిచ్చి ఇటుకలు కొన్నారు. ‘బకో బ్రిక్స్’ అనేవారు. పోయిన నాన్న పేరో, పుట్టిన మనవడి పేరో, పెళ్లి తేదీయో వాటి మీద చెక్కించి స్టేడియం బయట కాలిబాటలో పరిపించారు. మన దగ్గర గుడిమెట్ల మీద దాతల పేర్లు చెక్కించినట్టే. మ్యాచ్‌కి వచ్చినప్పుడల్లా వంగి, దుమ్ము తుడిచి, పేరు చూసుకుని లోపలికి వెళ్లేవాళ్లున్నారు. మరమ్మతుల పేరుతో వాటిని పెకలించేశారు. ఆ తర్వాత ఆ పేర్ల ఇటుకలే రీసైక్లింగ్ యార్డులో చెత్తకుప్పలా పోసి కనిపించాయి. అవి పాడైపోయాయని, ఆ పేర్లకు మరోచోట శాశ్వతంగా జాగా చూపిస్తామని క్లబ్ తర్వాత చెప్పింది. ఆ మాట పెకలించే ముందు చెప్పడానికి ఖర్చేమీ కాదు.

రెండోది రాబర్టో క్లెమెంటే సంగతి. నికరాగువా భూకంప బాధితులకు సాయం తీసుకెళ్తూ 1972 డిసెంబరు 31న విమానం కూలి చనిపోయిన మహా ఆటగాడు. జెర్సీ నంబరు 21. ఆయన గౌరవార్థం కుడివైపు గోడను సరిగ్గా 21 అడుగుల ఎత్తున కట్టారు. ఆ గోడ మీది 21 నంబరు గుర్తు తీసేసి, అక్కడ ఒక మద్యం బ్రాండు ప్రకటన పెట్టారు. కుటుంబసభ్యులు నొచ్చుకున్నారు, ఊరు భగ్గుమంది. క్లబ్ క్షమాపణ చెప్పి గుర్తును మళ్లీ పెట్టింది. తెలిసి చేసి ఉండకపోవచ్చు. ఇంట్లో పెద్దాయన ఫొటో తీసేసి అక్కడ క్యాలెండర్ తగిలించినవాణ్ని ఏమంటాం? కావాలని చేశాడని కాదు, పట్టింపు లేదంటాం.

ఇప్పుడు అసలు లెక్కల్లోకి వెళ్దాం. 1993 నుంచి 2012 వరకు వరసగా 20 సీజన్లు ఈ జట్టు గెలిచిన వాటికంటే ఓడిన మ్యాచ్‌లే ఎక్కువ. ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ క్రీడల్లో ఇంత పొడుగాటి ఓటముల పరంపర ఇంకో జట్టుకు లేదు. తర్వాత 2013, 14, 15లలో మూడుసార్లు ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. 2015లో 98 మ్యాచ్‌లు గెలిచింది, ఆ ఏడాది దాదాపు 25 లక్షల మంది స్టేడియానికి వచ్చారు. గెలిస్తే జనం వస్తారనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. అప్పుడు ఇంకో నాలుగు రూపాయలు పెట్టాల్సింది. పెట్టలేదు. 2018 జనవరిలో రెండు రోజుల తేడాతో గెరిట్ కోల్‌ని హ్యూస్టన్‌కి, అందరికీ ప్రాణమైన ఆండ్రూ మెకచెన్‌ని శాన్‌ఫ్రాన్సిస్కోకి పంపేశారు.

2019 నవంబరులో బెన్ చెరింగ్టన్ జనరల్ మేనేజర్‌గా వచ్చాక మళ్లీ మొదటి నుంచి కడతామన్నారు. రీబిల్డ్ అంటే పేరున్న ఆటగాళ్లను వేరే జట్లకు ఇచ్చేసి బదులుగా కుర్రాళ్లను తెచ్చుకోవడం, కొన్నేళ్లు ఓడడం, ఓడినందుకు డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే చోట, ముందు వరస ఎంపికలు రావడం, ఆ కుర్రాళ్లు ఎదిగాక గెలవడం. కాగితం మీద బాగానే ఉంటుంది. మార్టే, బెల్, మస్‌గ్రోవ్, టయాన్ ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. మస్‌గ్రోవ్ అయితే శాన్‌డియెగో వెళ్లిన మూడు నెలల్లోనే, 2021 ఏప్రిల్‌లో, ప్రత్యర్థికి మ్యాచ్ మొత్తంలో ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా, ఆ క్లబ్ చరిత్రలో తొలి నో-హిట్టర్ వేశాడు. పిట్స్‌బర్గ్ ఆ ఏడాది 101 మ్యాచ్‌లు ఓడింది. మరుసటి ఏడు వంద. ఆ తర్వాత రెండేళ్లూ 86 చొప్పున. నిరుడు 91. ఆరు సీజన్లు గడిచాయి, ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ లేదు.

ఆ ఓటముల ఫలం ఒకటి మాత్రం నిజంగా దక్కింది. 2023 డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపికగా వచ్చిన పాల్ స్కీన్స్. 2024 మేలో అడుగుపెట్టి ఆ ఏడాదే ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. 2025లో నేషనల్ లీగ్ ఉత్తమ పిచ్చర్‌కి, అంటే బంతి విసిరేవాడికి, ఇచ్చే సై యంగ్ అవార్డు ఏకగ్రీవంగా అందుకున్నాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున రెండు పరుగులు కూడా ఇవ్వలేదు, 1.97. మరి అతని ఖాతాలో గెలుపోటములు? పది గెలుపులు, పది ఓటములు. క్రికెట్ భాషలో చెప్పాలంటే, బౌలర్ ప్రతిసారీ ప్రత్యర్థిని వందలోపే కట్టేస్తే మనవాళ్లు ఎనభైకి ఆలౌటయ్యారు. నిరుడు మన సిక్సర్ల లాంటి హోమ్ రన్లలో 30 జట్లలో పైరేట్స్ ఆఖరిది. బ్యాట్ పట్టేవాడు కావాలని ఊరంతా మొత్తుకున్నా వినిపించుకోలేదు.

ఆ సీజన్‌కి స్కీన్స్ జీతం 8.75 లక్షల డాలర్లు. మనకు పెద్ద మొత్తమే. కానీ హువాన్ సోటోతో న్యూయార్క్ మెట్స్ 15 ఏళ్లకు కుదుర్చుకున్న ఒప్పందం 76.5 కోట్ల డాలర్లు. బేస్‌బాల్‌లో ఆరు సీజన్ల సర్వీసు పూర్తయ్యేదాకా ఆటగాడు తనను తీసుకున్న క్లబ్‌కే కట్టుబడి ఉండాలి. మొదటి మూడేళ్లూ దాదాపు క్లబ్ ఇచ్చిందే జీతం. అంటే ప్రపంచంలోనే అగ్రశ్రేణి పిచ్చర్ పిట్స్‌బర్గ్‌కి చవగ్గా దొరికాడు. ఆ మిగిలిన డబ్బుతో అతని చుట్టూ జట్టు కట్టాలి కదా అన్నదే అభిమాని ప్రశ్న. అందులో అత్యాశ ఎక్కడుందో మాకు కనిపించలేదు.

యజమాని తరఫు వాదనా వినాలి. పిట్స్‌బర్గ్ చిన్న మార్కెట్, టీవీ హక్కుల ఆదాయం తక్కువ, న్యూయార్క్‌తోనో లాస్‌ఏంజెలెస్‌తోనో పోటీపడలేదు. నిజమే. 2025లో పైరేట్స్ జీతాల మొత్తం సుమారు 9 కోట్ల డాలర్లయితే, లాస్‌ఏంజెలెస్ డాడ్జర్స్‌ది 30 కోట్లు దాటింది. జీతాలు లీగ్ గీసిన గీత దాటినందుకు డాడ్జర్స్ కట్టిన పన్నే 16.9 కోట్ల డాలర్లు. పైరేట్స్ జట్టు మొత్తం జీతాలకు అది దాదాపు రెట్టింపు. ఈ ఆటలో అసమానత కల్పితం కాదు.

అయితే చిన్న ఊరన్న సాకు కాన్సాస్ సిటీ ముందు నిలవదు. అక్కడి జట్టు రాయల్స్ 2023లో 106 మ్యాచ్‌లు ఓడారు. ఆ చలికాలంలో సెత్ లూగో, మైకేల్ వాకా లాంటి పిచ్చర్లను డబ్బు పెట్టి తెచ్చుకున్నారు. తమ కుర్రాడు బాబీ విట్‌తో 11 ఏళ్లకు 28 కోట్ల డాలర్లు దాటిన ఒప్పందం రాసుకున్నారు. 2024లో ప్లేఆఫ్స్‌కి వెళ్లారు. మిల్వాకీ ఇంకా చిన్న మార్కెట్. అక్కడి బ్రూవర్స్ పెద్దగా ఖర్చుపెట్టకుండానే నిరుడు 97 గెలుపులతో లీగ్ అంతటిలో ముందున్నారు. అక్కడ ఎవరూ ‘టీమ్ అమ్మెయ్’ అని అరవలేదు. పొదుపు చేసినా తెలివిగా చేస్తే జనం ఓర్చుకుంటారు, ఖర్చు చేసి ఓడినా ఓర్చుకుంటారు. ఖర్చూ లేక, తెలివీ కనిపించక, పైగా ఓపిక పట్టమంటే ఎవరికి మాత్రం ఒళ్లు మండదు?

షికాగో కబ్స్, హ్యూస్టన్ ఆస్ట్రోస్ కూడా వందల మ్యాచ్‌లు ఓడే పైకొచ్చారు కదా అంటారు. వచ్చారు. కుర్రాళ్లు కుదురుకోగానే వాళ్ల యజమానులు జేబులో చెయ్యి పెట్టారు. పిట్స్‌బర్గ్‌లో ఫ్రీ ఏజెంట్‌కి, అంటే ఒప్పందం ముగిసి ఏ జట్టుకైనా వెళ్లగల ఆటగాడికి, ఇచ్చిన అతిపెద్ద కాంట్రాక్టు ఫ్రాన్సిస్కో లిరియానోతో 2014 డిసెంబరులో కుదిరిన 3.9 కోట్ల డాలర్లది. పదకొండేళ్లయినా ఆ అంకె చెక్కు చెదరలేదు. సొంత ఆటగాడు బ్రయన్ రేనాల్డ్స్‌కి 2023లో 10.67 కోట్లిచ్చారు, కాదనం. క్లబ్ చరిత్రలో పది కోట్లు దాటిన మొదటి ఒప్పందం అదే.

2025-26 చలికాలంలో చెయ్యి కాస్త వదులైన మాటా చెప్పాలి. టంపా బే నుంచి బ్రాండన్ లౌ అనే ఆటగాణ్ని తెచ్చుకున్నారు. రయన్ ఓహర్న్‌తో రెండేళ్లకు 2.9 కోట్ల డాలర్లకు ఒప్పుకున్నారు. కైల్ ష్వార్బర్‌కి ఆఫర్ ఇచ్చారని, ఆయన ఫిలడెల్ఫియాలోనే ఉండిపోయారని వార్తలొచ్చాయి. మంచిదే. అయితే ఇది కేకలకు జడిసి చేసిందా, లేక ఏడాదేడాదీ సాగేదా అన్నది వచ్చే చలికాలం తేలాలి.

నటింగ్ కుటుంబానిది పత్రికల వ్యాపారం. వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్ కేంద్రంగా నడిచే ఆగ్డెన్ న్యూస్‌పేపర్స్ వాళ్లదే. అంటే మా వృత్తివాడే. పత్రిక యజమాని రూపాయి రూపాయి ఎలా లెక్క చూస్తాడో మాకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. కానీ బేస్‌బాల్ క్లబ్బు పూర్తిగా సొంత దుకాణం కాదు. పీఎన్‌సీ పార్క్ ఖర్చులో చాలా భాగం ప్రజల డబ్బే. ఆ పన్ను వద్దని 1997లో చుట్టుపక్కల కౌంటీల ఓటర్లు ఓటేసి మరీ చెప్పారు. అయినా ఇంకో దారిలో డబ్బు సర్ది 2001కల్లా స్టేడియం లేపారు. పైగా లీగ్‌లో ప్రతి క్లబ్బూ స్థానిక ఆదాయంలో 48 శాతం ఉమ్మడి నిధిలో వేస్తే, అందరూ సమానంగా పంచుకుంటారు. పెద్ద ఊళ్ల డబ్బు అలా చిన్న ఊళ్లకు చేరుతుంది. దాన్ని జట్టు మెరుగుదలకే వాడాలన్నది నియమం. అలా వాడట్లేదని 2018లో ఆటగాళ్ల సంఘం పైరేట్స్ సహా నాలుగు క్లబ్బుల మీద ఫిర్యాదు చేసింది. క్లబ్ ఖండించింది. ఖాతాలు బయటపెడితే ఈ వాదన ఒక్కరోజులో తెగేది.

ఇక్కడే మన ఐపీఎల్ గుర్తొస్తుంది. దానికి ఎన్ని జబ్బులున్నా, పర్సుకు పైన గరిష్ఠ పరిమితి ఉంది, కింద కనీస ఖర్చూ ఉంది. ఆ పర్సులో కనీసం 75 శాతం ఖర్చుపెట్టి తీరాలి. 2021లోనూ 2023లోనూ సన్‌రైజర్స్ అట్టడుగున పడితే హైదరాబాద్ అభిమానులు యాజమాన్యాన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. కానీ డబ్బు దాచుకున్నారని తిట్టలేదు, ఆటగాళ్లను ఎంచుకోవడం రాలేదని తిట్టారు. తర్వాత వేలంలోనే కమిన్స్‌కి 20.5 కోట్లు పెట్టి 2024లో ఫైనల్ ఆడారు. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో పైకప్పూ లేదు, నేలా లేదు. ఎక్కువ పెట్టినవాడికి పన్ను ఉంది. ఏమీ పెట్టనివాడికి వాటా ఉంది.

పదేపదే ‘అమ్మెయ్’ అనడంలో ఒక భయం కూడా ఉంది. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో అథ్లెటిక్స్ జట్టు అభిమానులు 2023 జూన్ 13న ఆకుపచ్చ ‘సెల్’ చొక్కాలు వేసుకుని 27,759 మంది పోటెత్తారు. జట్టు ఖాళీ స్టేడియంలో ఆడుతోందని చెప్పే యజమానికి, మేమున్నామని చూపించడానికి వచ్చారు. ఆయన అమ్మలేదు, జట్టునే తీసుకుపోయారు. 2025 నుంచి ఆ జట్టు శాక్రమెంటోలో తలదాచుకుంటూ లాస్‌వెగాస్ స్టేడియం కోసం చూస్తోంది. పిట్స్‌బర్గ్‌కి ఆ ముప్పు ఇవాళ కనిపించట్లేదు. అందుకే మేము ‘అమ్మెయ్’ అనం. ఎంత ఖర్చుపెడతారో, ఏ సంవత్సరానికి గెలుస్తామనుకుంటున్నారో ముందే చెప్పండి అంటాం. క్లబ్బులకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఒప్పందం 2026 డిసెంబరు 1తో ముగుస్తుంది. యజమానులు జీతాలకు పైకప్పు కావాలంటున్నారు. పైకప్పు అడిగేవాళ్లు కింద నేల కూడా వేయడానికి ఒప్పుకోవాలి. ఉమ్మడి నిధి నుంచి తీసుకున్న ప్రతి డాలరూ ఎటు పోయిందో ఏటా ప్రకటించాలి.

స్కీన్స్ 2029 సీజన్ ముగియగానే ఎక్కడికైనా వెళ్లొచ్చు. అంటే పిట్స్‌బర్గ్ చేతిలో ఉన్నవి నాలుగు సీజన్లు. ఒప్పందం గొడవలో 2027 లాకౌట్‌కి చిక్కితే మూడున్నరో, మూడో.