చిక్కిన గుర్రానికి ముందు కావలసింది గింజ కాదు, మంచి పీచు

పక్కటెముకలు తేలిన గుర్రాన్ని చూడగానే ఎవరి చేయైనా దాణా సంచి వైపే వెళ్తుంది. ఓట్స్ గింజలు ఇంకో రెండు దోసిళ్లు, మొక్కజొన్న ఇంకో డబ్బా. 'గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు' అనే సామెతలో కూడా దాణాయే ఉంది, గడ్డి ఊసు లేదు. ఇంతగా పాతుకుపోయిన ఈ అలవాటే చాలా గుర్రాలను కోలుకోనివ్వడం లేదు.

పళ్లు, పేగుల్లో పురుగులు, జఠరంలో పుండ్లు పశువైద్యుడు ముందే చూడాలి. అవి తేలకుండా ఏ మేత మార్చినా వృథాయే.

ఆ తర్వాత ఏం పెట్టాలో గుర్రం పొట్టే చెబుతుంది. అంత పెద్ద జంతువుకు జఠరం పట్టేది 8 నుంచి 15 లీటర్లే. అసలు పని వెనక భాగంలో, అంటే పెద్దపేగు మొదట్లో సంచిలా ఉండే అంధనాళంలో, పెద్దపేగులో జరుగుతుంది. అక్కడి సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి కొవ్వు ఆమ్లాలుగా మారుస్తాయి. గుర్రానికి అందే శక్తిలో పెద్ద వాటా వాటిదే. గింజలోని పిండిపదార్థం మాత్రం చిన్నపేగులోనే అరిగిపోవాలి. ఒకే పూట ఎక్కువ పెడితే మిగిలినది వెనక్కి జారి లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. ఆ పులుపులో పీచును అరిగించే సూక్ష్మజీవులే చచ్చిపోతాయి. బలం కోసం పెట్టిన గింజ ఉన్న బలాన్నీ తోడేస్తుంది. ఆపై కడుపుశూల, లామినైటిస్ అనే గిట్టల లోపలి వాపు. అందుకే పూటకు శరీర బరువులో కిలోకు 1 గ్రాము పిండిపదార్థం దాటకపోవడం క్షేమం. 500 కిలోల గుర్రానికి అది అర కిలో. మొక్కజొన్నలో దాదాపు 70 శాతం పిండిపదార్థమే కాబట్టి సుమారు 700 గ్రాములకే ఆ హద్దు వచ్చేస్తుంది.

అయితే పీచులన్నీ ఒకటి కావు. ముదిరిన గడ్డి కాడల్లో లిగ్నిన్ అనే గట్టి పదార్థం పేరుకుంటుంది, దాన్ని సూక్ష్మజీవులు విడగొట్టలేవు. అలాంటి గడ్డే తినే గుర్రానికి పొట్ట ఉబ్బి ఉంటుంది, వెన్ను మాత్రం కత్తిలా తేలి ఉంటుంది. ఆ పొట్టను చూసి యజమాని నిశ్చింతగా ఉంటాడు. కళ్లను నమ్మకూడదు, చేత్తో తడమాలి. గుర్రం ఒంటి పుష్టిని అంచనా వేయడానికి 1983లో హెనెకే అనే పరిశోధకుడు రూపొందించిన 1 నుంచి 9 వరకు ఉండే కొలమానం కూడా మెడ, భుజం, పక్కటెముకలు, వెన్ను, తోక మొదలు చూడమంటుంది తప్ప పొట్టను కాదు.

నా ఓటు రెండింటికి. మొదటిది చక్కెర బీట్ దుంపల నుంచి చక్కెర తీశాక మిగిలే గుజ్జు. అందులోని పెక్టిన్ అనే మెత్తని పీచు పెద్దపేగులో సులువుగా పులుస్తుంది. శక్తిలో ఓట్స్‌కు దగ్గరగా ఉంటుంది, పిండిపదార్థం మాత్రం దాదాపు ఉండదు. మొలాసిస్ అనే చక్కెర మడ్డి కలపనిదే కొనాలి, బాగా నానబెట్టాలి. గడ్డిని నమలలేక ఉండలుగా ఉమ్మేసే ముసలి గుర్రానికి ఈ మెత్తని మేత ప్రాణం పోస్తుంది. కానీ గుజ్జు ఒక్కటే పెడితే కొవ్వు పడుతుంది గాని వెన్ను మీద కండ నిండదు. కండకు మాంసకృత్తులు కావాలి. అవి రెండోదైన లూసర్న్ (అల్ఫాల్ఫా) అనే పప్పుజాతి పశుగ్రాసంలో ఉన్నాయి. దాని కాల్షియం జఠరంలోని ఆమ్లాన్నీ కొంత తగ్గిస్తుంది. ఖనిజాల లోటు తీర్చే మిశ్రమం కొద్దిగా చేరిస్తే ఈ జోడీకి సాటి లేదు. గోధుమ పొట్టును మాత్రం బలమైన మేత అనుకోవద్దు. అందులో కాల్షియం కన్నా భాస్వరం ఎన్నో రెట్లు ఎక్కువ, అది ఎముకలకు చేటు.

పందెపు గుర్రాల శిక్షకులు దీనికి ఒప్పుకోరు. కఠిన శ్రమ చేసే గుర్రం అంత గడ్డి తినలేదని, గింజ లేకుండా వేగం రాదని అంటారు. పరుగుకు కొంత గింజ అవసరమే. కానీ మనం మాట్లాడుతున్నది చిక్కిపోయిన గుర్రం గురించి. దానికి ఇంకా శక్తి చాలకపోతే కొద్దికొద్దిగా నూనె కలపవచ్చు, అందులో పిండిపదార్థమే లేదు.

నన్ను ఎక్కువగా బాధించేది మరొకటి. మనం గడియారం చూసి తింటాం కాబట్టి గుర్రానికీ రెండు పూటలు ఖాయం చేశాం. మైదానంలో అది రోజుకు 14 గంటలకు పైగా మేస్తుంది. దాని జఠరంలో ఆమ్లం రాత్రీ పగలూ ఊరుతూనే ఉంటుంది, ఆ ఆమ్లాన్ని చల్లార్చే లాలాజలం మాత్రం నమిలినప్పుడే వస్తుంది. గింజలు నిమిషాల్లో అయిపోతాయి. మిగిలిన గంటలన్నీ ఖాళీ గాడి ముందు నిలబడి, కొయ్యను కొరుకుతూ గడిపే గుర్రాన్ని మనం 'చెడ్డ అలవాటు పట్టింది' అంటాం. ఆ అలవాటు పట్టించింది మన వేళలే. కట్టేసిన జంతువు ఆకలికి మన తీరికే కొలత అయిపోయింది. ఇది గుర్రపుశాలకే పరిమితమైన తప్పు కూడా కాదు.

అందుకే దాణా సంచి కొనే ముందు త్రాసు కొనండి. కట్టలు లెక్కపెట్టడం కాదు, ఆకు ఎక్కువున్న, ముదరని గడ్డిని తూచి శరీర బరువులో 2 నుంచి 2.5 శాతం అందేలా చూడండి. 500 కిలోల గుర్రానికి అది 10 నుంచి 12.5 కిలోల పొడి మేత. కొత్త మేతను 10 నుంచి 14 రోజుల్లో మెల్లగా పెంచండి. రాత్రి శాల తలుపు వేసే ముందు గాడిలో తెల్లవారే దాకా సరిపడా గడ్డి ఉందో లేదో ఒకసారి చూడండి.