ఆడిటోరియం వైఫై గారికి

అయ్యా,

కొత్త పిల్లల స్వాగత సభ లైవ్ ఈ ఏడు కూడా తమరి మీదే నడపాలని యూనివర్సిటీ కమిటీ తీర్మానించింది. డ్రోనుకీ, ఎల్ఈడీ తెరకీ, శాలువాలకీ డబ్బు సరిపోయింది. 60 మీటర్ల క్యాట్6 కేబుల్ (నెట్ తీగ) దగ్గరికొచ్చేసరికి "వైఫై ఉందిగా!" అన్నారు. తమరి పలుకుబడి అలాంటిది.

ఉదయం 9కి ఖాళీ హాల్లో స్పీడ్ టెస్ట్ పెడితే తమరు 80 ఎంబీపీఎస్ చూపిస్తారు. అది డౌన్‌లోడ్. లైవ్‌కి కావలసింది అప్‌లోడ్. 1080పీ బొమ్మకి 6 ఎంబీపీఎస్ నిలకడగా పోవాలంటే చేతిలో దానికి రెట్టింపు ఉండాలి. పదకొండింటికి వెయ్యి మంది పిల్లలు వెయ్యి ఫోన్లతో దిగుతారు. తమరి 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్లో ఒకదాన్నొకటి రాసుకోని దారులు, అంటే ఛానెళ్లు, మూడే: 1, 6, 11. పండగ ముందు బెజవాడ బీసెంట్ రోడ్డు జనాన్నంతా మూడు సందుల్లోకి తోసినట్టు. స్టేజీ మీద జ్యోతి వెలుగుతుంది. రేపల్లెలో ఫోన్ పట్టుకు కూర్చున్న అమ్మకి మాత్రం గిరగిరా తిరిగే చక్రమే.

తమరికి తోడుగా ఒక సిమ్ము డాంగిల్. రోజుకి 2 జీబీ ప్యాకట! 6 ఎంబీపీఎస్ చొప్పున ముప్పావు గంటలో ఖాళీ. అప్పటికి ముఖ్య అతిథి కారు ఇంకా కనకదుర్గ వారధి మీదే ఉంటుంది.

కరెంటు పోతే జనరేటర్ పది సెకన్లలో అందుకుంటుంది, కాదనం. మైకులు వెంటనే లేస్తాయి. రౌటర్ లేచి కళ్లు నులుముకోడానికి మాత్రం రెండు మూడు నిమిషాలు. దానికో చిన్న యూపీఎస్ తగిలిస్తే పోయేది. ఉన్న ఒక్క యూపీఎస్సూ ఆఫీసులో ప్రింటర్‌కి కాపలా కాస్తోంది.

కెమెరా మైకుతో హాలు మోతంతా పట్టి పంపి, "సౌండ్ రావట్లేదు" అంటే దానికీ తమర్నే తిడతారు. పాపం, అది తమరి తప్పు కాదు. మైకులన్నీ కలిసే మిక్సర్ నుంచి లైవ్ కోసం ఆక్స్ లైన్ (సౌండ్ తీగ) విడిగా లాగనివాళ్లది.

అందుకే కేబుల్ మేమే తెచ్చుకున్నాం. కుర్చీకాళ్ల కింద నలగకుండా గోడవారగా లాగి, గుమ్మం దగ్గర టేపు వేశాం. ల్యాప్‌టాప్‌లో తమర్ని ఆపేశాం కూడా. లేకపోతే కేబుల్ కాస్త వదులైతే చాలు, చెప్పాపెట్టకుండా తమరు దూరిపోతారు. నొచ్చుకోకండి. తమరి పాస్‌వర్డ్ స్టేజీ వెనక గోడ మీద చాక్‌పీసుతో రాసే ఉంది. చుట్టాలకి కొదవుండదు.

ఇట్లు,
కేబుల్ చుట్ట భుజాన వేసుకున్నవాళ్లు