లంచం ముట్టకపోతే నిజాయితీ అయిపోయినట్టేనా?

ప్రభుత్వోద్యోగుల నీతి గురించిన చర్చ లంచం దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. తీసుకుంటే అవినీతిపరుడు, తీసుకోకపోతే మచ్చలేని మనిషి. మరి పైసా ముట్టకుండా, ఫైలూ కదల్చకుండా రిటైరైపోయే పెద్దమనిషిని ఏ ఖాతాలో వేద్దాం?

లంచగొండి చాలాసార్లు అమ్మేది వేగాన్ని. మనకు హక్కుగా రావాల్సిందాన్నే కాస్త ముందుగా ఇప్పిస్తానంటాడు. ఆలస్యమే లేకపోతే అతని దగ్గర అమ్మడానికి సరుకుండదు. ఆ సరుకు తయారీలో చేతులు శుభ్రంగా ఉన్నవాళ్ల వాటా తక్కువేం కాదు. 'చర్చించాలి' అని ఒక ముక్క రాసి పక్క సీటుకి తోసేసేవాళ్లు, ఇచ్చిన కాగితాన్నే మళ్లీ తెమ్మనేవాళ్లు, సందేహం లేకపోయినా పైవాళ్ల అభిప్రాయం కోరేవాళ్లు... భర్త పోయి పెన్షన్ కోసం తిరిగే మనిషికి వీళ్లకీ లంచగొండికీ తేడా ఏం కనిపిస్తుంది? నిజం చెప్పాలంటే లంచగొండి దగ్గర కనీసం పనైనా అవుతుంది!

జీతాలు పెంచితే అంతా సర్దుకుంటుందనే వాదన ఒకటుంది. ఘనా 2010లో పోలీసుల జీతాలు దాదాపు రెట్టింపు చేసింది. లారీ డ్రైవర్ల నుంచి వాళ్లు గుంజే మొత్తం తగ్గకపోగా పెరిగిందని ఆ తర్వాత ఆర్థికవేత్తల అధ్యయనంలో తేలింది.

సంతకం పెడితే రేపు విచారణ, పెట్టకపోతే ఏ గొడవా లేదు, అందుకే భయపడతారు అంటారు. ఒప్పుకుంటాను, ఆ భయం నిజమే. కానీ దాని ఖర్చంతా కౌంటర్ బయట నిలబడ్డవాడే ఎందుకు మోయాలి? ఇటలీ 1990 నాటి చట్టంలోనే, చాలా రకాల దరఖాస్తులకు గడువులోగా ఆఫీసు బదులివ్వకపోతే ఒప్పుకున్నట్టే లెక్క అనే నియమం పెట్టుకుంది. ఐరోపా సమాఖ్య 2006లో సేవారంగ అనుమతులకూ ఇదే పద్ధతి తెచ్చింది, మినహాయింపులు ఉన్నాయనుకోండి. అక్కడ మౌనంగా కూర్చున్నా నిర్ణయం తీసుకున్నట్టే.

అసలు గొడవంతా జనం టైముకి విలువ కట్టకపోవడంలో ఉంది. ఖజానాలో రూపాయి తేడా వస్తే ఆడిట్ పట్టుకుంటుంది, క్యూలో పోయిన పనిరోజుకి ఏ రిజిస్టరూ లేదు. ఏ సీటు దగ్గర ఏ ఫైలు ఎన్ని రోజులుగా ఉందో పేర్లతో సహా జనానికి కనిపించేలా పెట్టమనండి, ముందుగా అడ్డుపడేది లంచగొండులేనని నేనైతే అనుకోను.